నీళ్లు కారని లీకు

మా హాల్లో నాలుగడుగుల అక్వేరియం ఉంది. వెడల్పూ ఎత్తూ అడుగున్నర చొప్పున, అంటే దాదాపు 250 లీటర్లు. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. స్టాండు కింది అరలో కానిస్టర్ ఫిల్టరు, అంటే ట్యాంకు నీళ్లని గొట్టంతో కిందికి లాగి, వడగట్టి, మళ్లీ పైకి పంపే మోటారు డబ్బా. ఏడాదిన్నర పాటు అది ఉందన్న సంగతే తెలియనంత నిశ్శబ్దంగా పనిచేసింది. మొన్న వేసవిలో మొదలుపెట్టింది గోల. కాసేపు గరగర, తర్వాత గుటక వేసినట్టు ఒక చప్పుడు, వెంటనే అవుట్‌లెట్‌లోంచి సన్నటి బుడగలు. ట్యాంకు నీళ్లు బియ్యం కడుగులా తెల్లగా అయిపోయేవి.

ముందు ఎయిర్ స్టోన్‌ని అనుమానించాను. దాని బుడగల్నే ఇన్‌టేక్ పైపు (ఫిల్టరుకి నీళ్లు పీల్చే పైపు) లాగేస్తోందేమోనని అవతలి మూలకి జరిపాను. తేడా లేదు. డబ్బా మూతకుండే రబ్బరు ఓ-రింగు తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు రాశాను. లాభం లేదు. మోటారులో తిరిగే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, కొత్తది తెప్పించి వేశాను. డబ్బులు పోయాయి, గరగర మాత్రం అలాగే ఉంది. స్టాండు కింద దూరి, టార్చి వేసి, ప్రతి జాయింటుకీ టిష్యూ పేపరు అద్ది చూశాను. ఎక్కడా తడి లేదు. తడి లేదు కాబట్టి లీకు లేదని తేల్చేశాను. పప్పులో కాలేసింది అక్కడే.

ఆ వారం నాన్న ఊరి నుంచి వచ్చారు. రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఫిల్టరు తిరుగుతోంది గానీ నీళ్లు అందుకోవట్లేదు. నేను మగ్గు పట్టుకుని కింద కూర్చోవడం చూసి ఆయన లేచి వచ్చారు.

"ఏంట్రా, మోటారుకి నీళ్లు పోస్తున్నావా?"

"కరెంటు పోయినప్పుడల్లా ఇదే పని నాన్నా."

"నిలిచిన నీళ్లు దిగిపోతున్నాయంటే ఫుట్‌వాల్వ్ అయినా పోయుండాలి, పీల్చే పైపులో గాలైనా దూరుతుండాలి. దీనికి ఫుట్‌వాల్వ్ ఎక్కడుంది?"

లేదు. బావిలో పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు అది. బావి మీద మోటారుతో ముప్ఫై ఏళ్లు వేగిన మనిషికి అర నిమిషం పట్టింది.

ఆలోచిస్తే సంగతి తేలికే. ట్యాంకు నీటిమట్టానికి కిందున్న గొట్టంలో నీటి బరువు ఉంటుంది, చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయి. కానీ ఇన్‌టేక్ పైపు ట్యాంకు అంచెక్కి దిగే ఆ వంపు దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడ చిల్లుంటే చుక్క కూడా బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. అంటే వెతకాల్సింది నీటిమట్టానికి పైనున్న జానెడు మేర. నేనేమో రెండు వారాలు స్టాండు కింద పాకాను.

"సబ్బు నురగ రాసి చూడు, పీల్చేచోట లోపలికి పోతుంది" అన్నారు నాన్న. వద్దని అరిచినంత పని చేశాను. పీల్చిన సబ్బు తిన్నగా చేపల దగ్గరికే కదా పోయేది!

"చేలో అయితే బంకమట్టి మెత్తేవాళ్లం" అంటూ పాత పంచె ముక్క తడిపి ఇచ్చారు. ముందు గొట్టాన్ని మూసే వాల్వు దగ్గర చుట్టి రెండు నిమిషాలు ఆగాం. గుటకలు ఆగలేదు. తర్వాత గట్టి పైపుకి మెత్తటి గొట్టం తొడిగిన చోట చుట్టాం. గుటక ఆగింది. ఐదు నిమిషాల్లో బుడగలూ పోయాయి. గుడ్డ తీస్తే మళ్లీ గుటక.

పడమటి కిటికీ ఎండ రోజూ సరిగ్గా అక్కడే పడుతుంది. గొట్టం మూతి బిరుసెక్కి గంటలా విచ్చుకుంది. క్లిప్పు కింద వెంట్రుకంత చీలిక. రెండంగుళాలు కోసేసి, కొత్త మూతిని వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే పైపుకి లోపలిదాకా ఎక్కించి క్లిప్పు బిగించాను. పనిలో పనిగా ఇన్‌టేక్ జాలీ కూడా కడిగాను. ఆకు ముక్కలతో సగం మూసుకుపోయి ఉంది. జాలీ మూసుకుపోయేకొద్దీ వంపు దగ్గర లాగుడు పెరిగి, చిన్న సందులోంచి కూడా గాలి ఎక్కువగా దూరుతుంది.

మర్నాడు కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఫిల్టరు తనంతట తానే నీళ్లు అందుకుంది.