5 లక్షల అడుగులకు ఒక్క నానోసెకను

శ్రీకాకుళంలో మా మేడ గదిలో, అణువుల కదలికని కంప్యూటర్లో లెక్కగట్టే గ్రోమాక్స్ రాత్రంతా నడిచింది. ప్రోటీన్ గుంటలో మందు అణువు నిలుస్తుందా, జారిపోతుందా అని చూడటం దాని పని. లెక్క కాలంలో చిన్న చిన్న అడుగులుగా సాగుతుంది; సాధారణంగా ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లే. ఫెమ్టోసెకను నానోసెకనులో పది లక్షలవ వంతు, నానోసెకనేమో సెకనులో వంద కోట్లవ వంతు. అంటే ఒక్క నానోసెకను కదలికకు 5 లక్షల అడుగులు; అడుగడుగునా ప్రతి పరమాణువు మీదా బలం ఎంతో మళ్లీ లెక్క! నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. నాలాంటి ఎమ్మెస్సీ అమ్మాయికి అదెంత ఆసరానో!

తెల్లారి చూస్తే అణువు గుంటలోనే ఉంది, ఓ పక్కకి ఒరిగి, నీటి అణువుల మధ్య వణుకుతూ. అమ్మకి చూపించాను.

"మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి మందేటమ్మా ఇది?" అంది.

కాదు. ఆ జబ్బుకి కారణమే ఇంకా కచ్చితంగా తేలలేదు. కానీ ప్రాజెక్టుకి కిడ్నీ ప్రోటీనే తీసుకుంటానని గైడ్ గారికి ఇవాళే చెప్పేశాను.