ముందు ఆపడం నేర్పాలి: సొలెంట్‌లో పవర్‌బోట్ ఇన్‌స్ట్రక్టర్ పని

కారు బాగా నడిపేవాళ్లకు బోటు నేర్పడమే కష్టం. చేతిలో అదే గుండ్రటి స్టీరింగ్, పక్కన లీవరు. దాంతో చేతులు వాటంతట అవే కారు అలవాటులోకి వెళ్లిపోతాయి. కారులో ముందు చక్రాలు తిరిగితే వెనక భాగం వాటి వెంట వస్తుంది. అవుట్‌బోర్డ్ ఇంజన్, అంటే వెనక అంచున బయటివైపు ఉండే ఇంజన్, బిగించిన బోటులో తోపు అంతా వెనకనుంచే. స్టీరింగ్ కుడికి తిప్పితే ముందు భాగం కొంచెం కుడికి జరుగుతుంది, వెనక భాగం అంతకంటే ఎక్కువగా ఎడమకు ఊగుతుంది. పాంటూన్‌కు, అంటే బోట్లు కట్టేసే తేలే వేదికకు, ఆనుకుని ఉన్న బోటును, పార్కింగ్‌లోంచి కారు తీసినట్టు, స్టీరింగ్ బయటికి తిప్పి ముందుకు పోనిస్తే వెనక మూల వెళ్లి పాంటూన్‌కు గుద్దుకుంటుంది.

ఇంకో సంగతి, ఈ బోట్లకు విడిగా చుక్కాని ఉండదు. ప్రొపెల్లర్ నీళ్లను ఎటు తోస్తే అదే చుక్కాని. గేరు న్యూట్రల్‌లో ఉంటే స్టీరింగ్ ఎంత తిప్పినా బోటు దాదాపు పట్టించుకోదు. కంగారుపడి లీవరు న్యూట్రల్‌లోకి లాగేసి, ఆ తర్వాత స్టీరింగ్ గిరగిరా తిప్పడం కొత్తవాళ్లందరిలోనూ కనిపించేదే. వాళ్లకు మేం మొదటి గంటలో పదేపదే చెప్పే మాట ఒక్కటే: ముందు స్టీరింగ్ తిప్పు, తర్వాత గేరు వెయ్యి.

బ్రేకు లేదు కాబట్టి ఆపాలంటే రివర్స్ వేయాలి. అదీ న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, అప్పుడు. ముందు గేరు నుంచి వెనక గేరుకు ఒకే ఊపులో లాగితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది, ఇంజన్ ఆగిపోవచ్చు కూడా, సరిగ్గా దాని అవసరం పడిన చోట. వేగంగా పోతూ థ్రాటిల్ (ఇంజన్ వేగం పెంచి తగ్గించేది) ఒక్కసారి మూసేస్తే సొంత అలే వెనకనుంచి వచ్చి బోటులోకి ఎక్కుతుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా వేగం కోసమే వస్తారు. రెండు రోజుల కోర్సులో ఎక్కువ సమయం మాత్రం నడక వేగంలోనే గడవాలని నా గట్టి అభిప్రాయం. నెమ్మదిగా వెళ్లేటప్పుడే గాలి, ప్రవాహం బోటును ఏం చేస్తున్నాయో కంటికి కనిపిస్తుంది.

ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ఐల్ ఆఫ్ వైట్ దీవికీ మధ్య ఉన్న జలసంధి సొలెంట్. సౌతాంప్టన్ వాటర్ అనే నదీముఖం అందులోకే వచ్చి కలుస్తుంది, హాంబుల్ నది ఆ సౌతాంప్టన్ వాటర్‌లో కలుస్తుంది. పవర్‌బోట్ శిక్షణకు ఇక్కడ ప్రమాణాలు పెట్టేది రాయల్ యాటింగ్ అసోసియేషన్, అందరూ ఆర్.వై.ఏ. అంటారు. దాని ప్రధాన కార్యాలయమూ హాంబుల్‌లోనే ఉంది. లెవెల్ 2 అనే రెండు రోజుల కోర్సు మా ప్రధాన పని. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ముగ్గురికి మించి విద్యార్థులు ఉండకూడదు, కనీస వయసు 12 ఏళ్లు.

మనవాళ్లకు ఆశ్చర్యంగా అనిపించేది ఏమిటంటే, బ్రిటన్‌లో సరదాకి సొంత బోటు సముద్రంలో నడపడానికి లైసెన్సే అక్కర్లేదు. డబ్బు ఉంటే ఈరోజు కొని ఈరోజే బయలుదేరవచ్చు. అంటే శిక్షణకు వచ్చేవాళ్లు తమంతట తామే వస్తున్నారు, లేదా యూరప్ దేశాల్లో బోటు అద్దెకు తీసుకోవడానికి అడిగే ఐ.సి.సి. సర్టిఫికెట్ కోసం వస్తున్నారు. లెవెల్ 2 ఆధారంగా 10 మీటర్ల లోపు పవర్‌బోట్లకు ఆ సర్టిఫికెట్ ఇస్తారు. మన సంతకం తర్వాత ఇంకెవరూ వాళ్లను పరీక్షించరు. ఆ బరువు ఈ ఉద్యోగంలో ప్రతి సాయంత్రం ఉంటుంది.

ఇన్‌స్ట్రక్టర్ కావడానికి ఉన్న కోర్సు మూడు రోజులే. అసలు గోడ దానికి ముందుంది: అయిదు సీజన్ల బోటు అనుభవం. బోటు నడపడమే పూర్తికాల ఉద్యోగమైతే ఒక పూర్తి సీజన్ చాలు. దాంతోపాటు చెల్లుబాటయ్యే ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, ముందుగా ఒక నైపుణ్య పరీక్ష ఉండాలి. ఇక్కడి సహోద్యోగుల్లో చాలామంది చిన్నప్పుడే బోటెక్కినవాళ్లు. పెద్దయ్యాక వచ్చిన మనలాంటి వాళ్లకు ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయి అంటే, సెయిలింగ్ క్లబ్బుల్లో. వారాంతపు పందేలకు సేఫ్టీ బోటు నడిపేవాళ్లు ఎప్పుడూ తక్కువే ఉంటారు. గాలి బాగా ఉన్నరోజున బోల్తాపడిన చిన్న తెరచాప పడవల మధ్య నెమ్మదిగా మెలగడం కంటే మంచి సాధన ఇంకొకటి లేదు. ఈ రంగంలో చాలా పని ఫ్రీలాన్స్‌గా, రోజు కూలీ లెక్కన దొరుకుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తీరిక ఉండదు, చలికాలం పని బాగా పడిపోతుంది. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, ఫ్రీలాన్స్ అంటే అదే. ఎవరైనా ఆహ్వానిస్తే ఒప్పుకునే ముందు వీసా షరతులు చదువుకోవాలి.

విద్యార్థులు తొమ్మిదికి వస్తే మనం ఎనిమిదికల్లా బోటు దగ్గర ఉండాలి. ట్యాంకులో ఇంధనం ఎంతుందో చూసి, మూడు వాటాల లెక్క వేసుకోవాలి: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, అనుకోనిదానికి ఒకటి. గట్టి అడుగు చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టాలుండే రిబ్ అయితే గాలి సరిగా ఉందో లేదో నొక్కి చూడాలి. ఇంజన్ వేశాక దాని పక్కనుంచి సన్నటి నీటిధార బయటికి చిమ్మాలి. అది రాకపోతే చల్లబరిచే నీళ్లు తిరగడం లేదని అర్థం, వెంటనే ఆపేయాలి. తరచుగా కారణం చిన్న రంధ్రంలో ఇసుకో, నీళ్లు లోపలికి పీల్చుకునే ఇన్‌టేక్ మీద ప్లాస్టిక్ కవరో.

లైఫ్ జాకెట్ల మీద బద్ధకం కూడదు. జాకెట్‌ను ఉబ్బించే గ్యాస్ సీసా చేత్తో బిగించి చూడాలి, ఎందుకంటే అది కదలికలకు నెమ్మదిగా వదులవుతుంది. ఇండికేటర్ పచ్చగా ఉండాలి. కాళ్ల మధ్య పట్టీ వేసుకోకపోతే నీళ్లలో జాకెట్ పైకి జారి ముఖానికి అడ్డం పడుతుంది, మనిషి కిందికి దిగిపోతాడు. ఈత రానివాళ్లు ఆ మాట ఒడ్డునే చెప్పాలి. సిగ్గుతో దాచే అవకాశం ఇవ్వకుండా అందరినీ ఒక్కొక్కరిగా, పక్కకు తీసుకెళ్లి అడగడం మేలు.

ఇక కిల్ కార్డ్. ఎర్రటి చుట్టల తాడు, ఒక కొన ఇంజన్ స్విచ్‌కు, ఇంకో కొన నడిపేవాడి కాలికి. మనిషి జారితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. 2013 మే నెలలో కార్న్‌వాల్‌లోని ప్యాడ్‌స్టో దగ్గర ఒక రిబ్ నుంచి కుటుంబంలోని ఆరుగురూ నీళ్లలోకి విసిరేసినట్టు పడిపోయారు. కిల్ కార్డ్ ఎవరికీ తగిలించి లేదు. మనుషులు లేని బోటు ఇంజన్ వేగంతో గుండ్రంగా తిరుగుతూ మళ్లీ మళ్లీ వాళ్ల మీదికి వచ్చింది. తండ్రి, కూతురు చనిపోయారు. ఈ విషయం ప్రతి బ్యాచ్‌కూ నిదానంగా చెప్పాలి, భయపెట్టడానికని అనుకున్నా ఫర్వాలేదు.

తాడును తొడ చుట్టూ, మోకాలి పైన, వేయాలి. చేతి మణికట్టుకు వద్దు, స్టీరింగ్ తిప్పేటప్పుడు చుట్టుకుని అనవసరంగా ఊడుతుంది. ఉదయాన్నే ఇంజన్ వేసి, తాడు లాగి, నిజంగా ఆగుతుందో లేదో చూడాలి. స్విచ్ లోపల ఉప్పు పట్టి ఇరుక్కుపోవడం జరిగేదే. రెండో కార్డ్ బోటులోనే, అందరికీ తెలిసిన చోట ఉండాలి. నడిపేవాడు తాడుతో సహా నీళ్లలో పడితే మిగిలినవాళ్లు మళ్లీ ఇంజన్ వేయాలి కదా. నడిపే మనిషి మారేటప్పుడే ఎక్కువగా మరిచిపోతారు. అందుకే ముందు ఇంజన్ ఆపి, తర్వాత తాడు మార్చి, ఆపైనే సీటు మారే క్రమం పెట్టుకోవాలి.

పాంటూన్‌కు బోటు చేర్చడం కోర్సులో గుండెకాయ. మొదట ఆగి చూడాలి. గాలి ఎటు, ప్రవాహం ఎటు, రెంటిలో ఏది బలంగా ఉంది? జెండా, లంగరేసిన పడవల ముఖాలు, బోయా (నీటిపై తేలే గుర్తు) పక్కన నీళ్లు ఒరుసుకుపోయే తీరు జవాబు చెబుతాయి. ఏది బలమైతే దానికి ఎదురుగా రావాలి, అది ఉచితంగా దొరికే బ్రేకు. తాళ్లు, ఫెండర్లు (దెబ్బ తగలకుండా పక్కన వేలాడదీసే మెత్తటి దిమ్మలు) చేరబోయే వైపు ముందే సిద్ధం. దాదాపు 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, గేరు వేస్తూ తీస్తూ దగ్గరికి రావాలి. ముందు భాగం పాంటూన్‌ను తాకబోయే ముందు న్యూట్రల్. అప్పుడు స్టీరింగ్ పాంటూన్ వైపు పూర్తిగా తిప్పి, ఒక్క క్షణం రివర్స్ తగిలిస్తే ఆ లాగుడికి బోటు ఆగుతుంది, వెనక భాగం కూడా పాంటూన్ వైపు చేరుతుంది.

ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా స్టీరింగ్ తిప్పకముందే రివర్స్ వేయడంలో. వెనక భాగం దూరంగా పోతుంది, గాలి ముందు భాగాన్ని పట్టుకుంటుంది, విద్యార్థి ఇంకాస్త థ్రాటిల్ ఇస్తాడు. అక్కడినుంచి చేసే ప్రతి సవరణా ఇంకో తప్పును పెంచుతుంది. అప్పుడు చెప్పవలసింది, "వదిలెయ్యండి, బయటికి వెళ్లి మళ్లీ రండి" అని మాత్రమే. చెడిన రాకను బాగుచేయడానికి ప్రయత్నించకుండా, వదిలేసి తిరిగి రావడం వచ్చినవాడే నిజంగా నేర్చుకున్నాడు. పాంటూన్ మీదికి దూకడం, చేత్తో కాలితో బోటును ఆపబోవడం రెండూ నిషేధం. వేళ్లు నలిగేది అక్కడే.

సొలెంట్ ఆటుపోట్లు పుస్తకంలో చదివినట్టు ఉండవు. సౌతాంప్టన్‌లో పోటు రెండుసార్లు శిఖరానికి చేరుతుంది, నీళ్లు చాలాసేపు పైనే నిలబడతాయి. తర్వాత సుమారు నాలుగు గంటల్లోనే దిగిపోతాయి, ఆ దిగుడు జోరుగా ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల తర్వాత సొలెంట్ పశ్చిమ కొసన హర్స్ట్ దగ్గర ప్రవాహం 4 నాట్లు (గంటకు సుమారు 7.4 కిలోమీటర్లు) దాటుతుంది. 5 నాట్లతో వచ్చే బోటు అక్కడ దాదాపు నిలబడిపోతుంది. నైరుతి గాలి ఒకవైపు, ప్రవాహం దానికి ఎదురు అయితే పొట్టిగా, నిటారుగా అలలు లేస్తాయి. గాలి వేగం మారకపోయినా ఆటుపోటు తిరిగిన అరగంటలో నీళ్ల స్వభావం మారిపోతుంది. కాబట్టి వాతావరణ సూచననూ టైడ్ పట్టికనూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చదవాలి.

పెద్ద ఓడలది వేరే లెక్క. ఇక్కడ కంటైనర్ ఓడలు, క్రూయిజ్ ఓడలు ఇసుక దిబ్బలను చుట్టి ఇరుకైన మలుపులు తీసుకోవాలి. 150 మీటర్లు దాటిన ఓడ ఆ ప్రాంతంలో కదులుతుంటే దాని ముందు 1000 మీటర్లు, రెండు పక్కలా 100 మీటర్ల మేర చిన్న బోట్లు ప్రవేశించకూడదు. కొత్తవాళ్లకు ఆ దూరాలు కంటితో అందవు, "ఇంకా చాలా దూరంలో ఉంది కదా" అంటారు. వీ.హెచ్.ఎఫ్. రేడియో చానెల్ 12లో, ఓడల రాకపోకలను చూసుకునే సౌతాంప్టన్ వీ.టీ.ఎస్. మాటలు వినిపిస్తూ ఉంటే, ఏ ఓడ ఎటు తిరగబోతోందో ఓడ కనిపించకముందే తెలుస్తుంది.

మనిషి నీళ్లలో పడితే ఏం చేయాలన్నది బరువు కట్టిన ఫెండరు విసిరి సాధన చేయిస్తాం. పడిన వైపుకే స్టీరింగ్ తిప్పాలి, అప్పుడు ప్రొపెల్లర్ మనిషికి దూరంగా ఊగుతుంది. ఒకరు చూపు తిప్పకుండా చేయి చాపి చూపిస్తూనే ఉండాలి. గాలికి ఎదురుగా నెమ్మదిగా దగ్గరికి రావాలి, లేదా గాలి వచ్చే వైపు అడ్డంగా నిలిపి బోటును వాళ్ల మీదికి తేలనివ్వాలి. పక్కకు చేరాక ఇంజన్ ఆపేయాలి. న్యూట్రల్ సరిపోదు, చలికి వణుకుతున్న చేయి లీవరుకు తగలవచ్చు. ఇక్కడి నీళ్లు 15 డిగ్రీలు దాటేది వేసవిలోనే. చల్లటి నీళ్లలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ నిమిషం ఈదకుండా తేలి ఉండమనే చెప్పాలి.

పరాయి భాషలో నేర్పేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇంజన్ మోతలో, ఎదురుగాలిలో మన ఉచ్చారణ సగమే చేరుతుంది. పొడవైన వాక్యాలు వద్దు. ఒడ్డునే చేతి సంజ్ఞలు కుదుర్చుకోవాలి: అరచేయి చూపితే న్యూట్రల్, వేలు చూపిన వైపు స్టీరింగ్. వివరణంతా ఇంజన్ ఆపి, బోటు తేలుతుండగా చెప్పాలి. చలి వేస్తోందా అని అడిగితే ఇక్కడివాళ్లు మర్యాదకు బాగానే ఉన్నామంటారు. జవాబు వినకుండా పెదవుల రంగు, తాడు ముడి వేస్తున్న వేళ్లు చూడాలి. వేళ్లు ముడి వేయలేకపోతుంటే పాఠం ఆపి ఒడ్డుకు తేవాలి.

లీవరు మీద మన చేయి ఎప్పుడు వేయాలన్నదే అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. తొందరపడితే వాళ్లు నేర్చుకోరు, ఆలస్యమైతే దెబ్బ తగులుతుంది. ఫెండరు కాచుకోగలిగే తప్పయితే జరగనివ్వచ్చు. మనిషికి గాని, పక్క బోటుకు గాని తగిలేలా ఉంటే అడగకుండానే తీసుకోవాలి, ఎందుకు తీసుకున్నామో ఆ తర్వాత చెప్పాలి. రెండో రోజు సాయంత్రం ఎవరైనా ఇంకా సిద్ధంగా లేరనిపిస్తే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఏది రాలేదో పేరు పెట్టి చెప్పాలి: గాలి పాంటూన్ మీదినుంచి తోస్తున్నప్పుడు చేర్చడం రాలేదు, మలుపుకు ముందు వెనక్కి చూడటం లేదు అని. మిగిలినది పూర్తి చేయడానికి ఇంకో పూట తేదీ అప్పుడే రాసి ఇవ్వాలి.