కొమ్ము దువ్వెన మీద గాట్లు

మా ఆవిడ ఈరోజు మళ్ళీ బ్యాంకుకి వెళ్ళింది. 26 వారాల ప్రసూతి సెలవుకి ఇంకో నెల కలుపుకుంది, అదీ నిన్నటితో అయిపోయింది. ఉద్యోగం పాతపట్నంలో. పర్లాకిమిడిలో మా వీధి చివర ఆటో ఎక్కితే కాసేపట్లో ఒడిశా దాటి ఆంధ్రాలో దిగుతుంది. దూరమేమీ కాదు. అయినా గుమ్మం దగ్గరే మూడుసార్లు వెనక్కి తిరిగింది. ఆటోలో కూర్చున్నాక కూడా తల బయటపెట్టి, "ఏవండీ, గుడ్డలు ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టాను, ఫ్రీజర్‌లో పెట్టకండి" అంది. నేను షాపు తెరవకుండా ఇంట్లోనే ఉండిపోయాను. ఈ వారమంతా ఉంటాను.

పాపకి ఏడు నెలలు నిండాయి. రెండు మూడు వారాలుగా చొంగ కారుతూనే ఉంది. గడ్డం కింద ఎర్రగా పొక్కింది. మెత్తటి గుడ్డతో అద్ది (రుద్దితే ఇంకా మండుతుంది), ఆరాక కాస్త కొబ్బరినూనె రాస్తున్నాం. చేతికి ఏది దొరికినా నోట్లోకే. మా అమ్మ కళ్ళజోడు, దిండు మూల, నా మోచెయ్యి. రాత్రిళ్ళు రెండింటికి లేచి చెవి పట్టుకుని ఏడుస్తుంది. కింది చిగురు ముందువైపు ఉబ్బి, తెల్లగా మెరుస్తోంది.

పొద్దున్న జింకు బిళ్ళ వేశాను. ఒక చెంచా తల్లిపాలలో వేస్తే కరిగిపోతుంది. ఇవాళ్టికి తొమ్మిదో బిళ్ళ. ఈ బిళ్ళ సంగతి రాయాలి, ఎందుకంటే ఆ రోజు గుర్తొస్తే నాకిప్పటికీ గుండె దడగానే ఉంటుంది.

పోయిన వారం పాపకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దుటినుంచి మధ్యాహ్నానికి అయిదు. అమ్మ, "పళ్ళొస్తన్నాయిరా, పళ్ళ విరేచనాలు. నీకూ అయ్యాయి. రెండ్రోజుల్లో అవే తగ్గుతాయి" అంది. పక్కింటి మావుసి గోడ మీంచి తొంగి చూసి, "దాంత ఉఠుచి కి?" (పళ్ళొస్తున్నాయా?) అని ఒడియాలో అడిగి, తనూ తల ఊపింది. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే మాట అన్నారు కదా అని నేనూ నమ్మేశాను. సాయంత్రం డైపర్ విప్పితే పొడిగా ఉంది. మధ్యాహ్నం నుంచి పాప ఉచ్చ పోయలేదు. నోట్లో చొంగ కూడా లేదు. పది రోజులుగా ధారగా కారుతున్న చొంగ ఆగిపోయిందంటే అది మంచి కాదని అప్పుడు తోచింది. బండి తీశాను.

డాక్టరుగారు కోప్పడలేదు. అర్థమయ్యేలా చెప్పారు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలల వేళకి తగ్గిపోతుంది. అప్పుడే పైతిండి మొదలవుతుంది, పాకడం మొదలవుతుంది, నేల మీదవన్నీ నోట్లోకి వెళ్తాయి. పళ్ళు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. అందుకే నేల మీది మురికి చేసిన పని పన్ను మీద పడుతుంది. పన్ను వస్తే చొంగ, చిరాకు, చిగురు వాపు, ఒళ్ళు కాస్త వెచ్చబడటం, అంతే. విరేచనాలూ, 100.4 దాటిన జ్వరమూ పంటివి కావు, వేరే కారణం వెతకాలి అన్నారు. ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నారు, తల్లిపాలు ఆపొద్దన్నారు, జింకు 20 మిల్లీగ్రాములు రోజుకొకటి 14 రోజులు రాశారు. విరేచనాలు తగ్గినా మధ్యలో మానకూడదట. తెల్లవారేసరికి పాప మళ్ళీ చొంగ కార్చింది. అది చూసి మా ఆవిడ ఏడ్చేసింది.

అప్పటినుంచి అమ్మ ఏదీ నాతో చెప్పకుండా చెయ్యదు. అది నాకు కష్టంగానే ఉంది. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. ఇవాళ పదిగంటలకి నెమ్మదిగా, "గుడ్డకి చుక్క తేనె రాస్తే చీకుతుందేమోరా?" అని అడిగింది. ఏడాది నిండేదాకా తేనె వద్దమ్మా అన్నాను. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి అంత చిన్న పేగుల్లో విషం పుట్టించగలదు. "మీకు నాకించానే" అంది. నాకేం కాలేదని పాపకీ కాదని ఎలా అనుకోవాలి? మెడలో కట్టాలని తెచ్చిన నల్లతాడు మాత్రం పాప నడుముకి కట్టాం. మెడకైతే నిద్రలో బిగుసుకుంటుందని చెప్తే అమ్మే, "అయితే మొలకి కడదాం" అంది.

మందుల షాపులో ఇచ్చిన చిగుళ్ళ జెల్ కూడా బీరువా పైనుంచి తీసి పారేశాను. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో లిగ్నోకైన్ అని ఉంది. అది తిమ్మిరి మందు. చొంగతోపాటు లోపలికి పోయి గొంతు కూడా మొద్దుబారుతుంది, మోతాదు ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండెకీ ప్రమాదమే. పిల్లల పళ్ళనొప్పికి అది వాడొద్దని అమెరికా మందుల సంస్థ 2014లోనే హెచ్చరించింది. బెంజోకైన్ అని ఉన్నవాటి గురించి 2018లో మళ్ళీ చెప్పింది. షాపతను ఒక్క మాట అడగకుండా చేతిలో పెట్టాడు, పాప వయసు కూడా అడగలేదు.

మధ్యాహ్నం పాప బాగా గునిసింది. థర్మామీటరు చంకలో పెడితే 99.2. పాలు తాగుతోంది, డైపర్ తడుస్తోంది, కాబట్టి కంగారుపడలేదు. కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన నూలుగుడ్డకి పెద్ద ముడి వేసి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది మా ఆవిడ. ఆ ముడి చిగుళ్ళ మధ్య పెడితే కళ్ళు మూసుకుని మరీ నమిలింది. చల్లదనం చాలు, గడ్డకడితే చిగురు దెబ్బతింటుంది.

గుడ్డ వెచ్చబడి ఊసేసినప్పుడు అమ్మ అద్దం దగ్గర్నుంచి తన కొమ్ము దువ్వెన తెచ్చింది. మా ఊరి కొమ్ము పనివాళ్ళు కొంగలూ ఏనుగులూ చేస్తారు, దువ్వెనలు కూడా చేస్తారు. ఇది అమ్మ పెళ్ళయిన కొత్తలో కొన్నది. నల్లగా, నూనె తాగి నున్నగా ఉంటుంది. దాని వీపు మీద పక్కపక్కన రెండు, కాస్త ఎడంగా ఇంకో రెండు గాట్లున్నాయి. వెలుతుర్లో అటూ ఇటూ తిప్పితేనే కనబడతాయి. "ఇవి నీవే" అంది. నేను గోటితో తడిమాను. గోటికి తగిలీ తగలనంత లోతు. ముప్పై నాలుగేళ్ళుగా దాంతోనే తల దువ్వుకుంటోంది, నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పాప చెయ్యి చాచింది. అమ్మ నా వైపు చూసింది. ఇవ్వాలనే అనిపించింది. కానీ అంచు దగ్గర కొమ్ము పొరలా లేస్తోంది, పళ్ళు మొనదేలి ఉన్నాయి. వద్దన్నాను. అమ్మ ఏమీ అనకుండా కొంగుతో తుడిచి పైన పెట్టేసింది.

తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. కత్తిరించిన గోరు నాకు చూపించి మరీ, వేలి మెత్తతో కింది చిగురు మీద మెల్లగా రాసింది. పాప ఏడుపు ఆపి, ఆ వేలినే పట్టుకుని కొరకబోయింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఒరే, నువ్వు చూడు." నేనూ చేతులు కడుక్కొచ్చి తడిమాను. నూక. సరిగ్గా బియ్యపు నూక అంచు తగిలినట్టు గరగరమంది. కిందిదే. "హమ్మయ్య, మేనమామకి గండం లేదు" అంది అమ్మ. పై పన్ను ముందొస్తే మేనమామకి మంచిది కాదంటారు. చాలామందికి కిందవే ముందొస్తాయని నేను చెప్పలేదు. నిజంగానే ఆమెకి భయం తీరింది.

ఫోను తీశాను, మా ఆవిడకి చెబుదామని. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పాపం, మొదటి రోజే వెళ్ళింది. చెప్పకు."

సాయంత్రం ఆరింటికి వచ్చింది. చెప్పు విప్పుతూనే నుయ్యి దగ్గరకెళ్ళి చేతులు కడుక్కుని, పాపని ఎత్తుకుని పాలు పట్టింది. రెండు నిమిషాలకి "అబ్బా" అని, వేలు పెట్టి తడిమింది. మా ఇద్దరి వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు.

"ఎప్పుడొచ్చింది అత్తయ్యా?"

"ఇప్పుడే" అంది అమ్మ. "నువ్వొచ్చాకే."

రాత్రి పాలయ్యాక తడిగుడ్డతో ఆ నూకంత పన్నుని తుడిచి పడుకోబెట్టాం. జింకు బిళ్ళలు ఇంకా అయిదున్నాయి.