కోటిపల్లి రేవులో బ్రహ్మదండి

నేనెక్కిన బస్సు ద్రాక్షారామంలో అరగంటకు పైగా ఆగిపోవడంతో, కోటిపల్లి రేవుకు చేరేసరికి గోదావరి దాటించే పంటు అప్పటికే ముక్తేశ్వరం వైపు సగం దూరం సాగిపోయింది. దారిలో కొన్న నీళ్ల సీసాకు అచ్చువేసిన ధర కంటే అయిదు రూపాయలు ఎక్కువ తీసుకున్నారన్న కోపం కూడా తోడై, ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళినా ఈపాటికి అత్తయ్య ఇంట్లో ఉండేవాణ్ణి కదా అని బాధపడుతూ ఇసుక మేట మీదికి నడిచాను.

అక్కడ మేట పొడవునా బ్రహ్మదండి పూసి ఉంది. డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నా, ఈ మొక్కను ఇంత గుంపుగా ఎన్నడూ చూడలేదు. తెల్లని ఈనెలతో, అంచుల నిండా ముళ్లతో బూడిదరంగు తేలిన ఆకులు, పల్చని పసుపు రేకులు, వాటి నడుమ పుప్పొడిని పట్టుకునే ఎర్రని కీలాగ్రం కనిపించాయి. జాగ్రత్తగా ఒక కాడ తుంచితే పసుపు కలిపినట్టున్న పాలు ఉబికి వేలికి అంటుకున్నాయి.

“ముట్టుకోకండి బాబూ, ముళ్లు దిగుతాయండి,” అన్నాడు గేదెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన. ఆ పాలు గజ్జికి రాస్తారని కూడా ఆయనే చెప్పాడు. “గింజల మాటేమిటండి?” అని అడిగితే, “గేదె కూడా తినదండి ఆయ్,” అని సాగిపోయాడు.

మెక్సికో నుంచి వచ్చిన ఈ కలుపు మొక్క మన గసగసాలకు దాయాది. రెండింటి కణాల్లోనూ రెటిక్యులిన్ అనే ఒకే ముడిసరుకు తయారవుతుంది. గసగసాల మొక్కలో, రెండు జన్యువులు అతుక్కుని ఒక్కటైన జన్యువు ఆ అణువును అద్దంలోని ప్రతిబింబంలా తిప్పుతుంది. అక్కడి నుంచే నొప్పి తగ్గించే మార్ఫిన్, కోడీన్‌ల దారి మొదలవుతుంది. ఆ అతుకును శాస్త్రజ్ఞులు 2015లో బయటపెట్టారు. బ్రహ్మదండిలో అదే రెటిక్యులిన్ మరో దారి పట్టి పసుపు రంగు బెర్బెరిన్‌గా, విషమైన సాంగ్వినరిన్‌గా మారుతుంది. నా వేలికి అంటిన పసుపు బెర్బెరిన్‌దే. ఇరాన్ కొండల్లో పెరిగే గసగసాల చుట్టం పెపావర్ బ్రాక్టియేటమ్ అయితే మార్ఫిన్ దాకా పోకుండా, దానికి ముందు మెట్టైన థెబైన్ దగ్గరే ఆగిపోతుంది.  నొప్పి తగ్గించే మందుకు కొత్త దారులు ఇలాంటి అడవి జాతుల్లో దాగి ఉండవచ్చు గనుక, వీటిని ఉత్త కలుపుగా చూసి వదిలేయడం నాకు మనస్కరించదు.

అయితే బ్రహ్మదండి గింజ విషయంలో నాకున్న భయం వేరు. అది అచ్చం ఆవగింజలా ఉంటుంది. ఆవనూనెలో దాని నూనె కలిసినప్పుడు సాంగ్వినరిన్ సన్నని రక్తనాళాలను దెబ్బతీసి, కాళ్లు వాచేలా చేసి, చివరకు గుండెను కుంగదీస్తుంది. 1998లో ఢిల్లీలో ఆ కల్తీకి 60 మందికి పైగా చనిపోయారు. మన జిల్లాల్లో ఆవనూనె వాడకం తక్కువే గానీ, ఆవ పెట్టని పనసపొట్టు కూర ఇక్కడ ఏ విందులో ఉంటుంది?

ఎండిన కాయ ఒకటి విప్పి గింజలను కాగితంలో పొట్లం కట్టుకున్నాను. ఆ తరువాత పంటు రావడం, ముక్తేశ్వరంలో దిగి ఆటో ఎక్కడం పెద్దగా గుర్తు లేవు. సాయంత్రం అరుగు మీద అత్తయ్య చాటలో ఆవాలు పోసుకుని రాళ్లు ఏరుతుంటే, ఆ పక్కనే నా పొట్లం విప్పి, తేడా చెప్పమన్నాను. కళ్లజోడు లేకుండా ఆవిడ చెప్పలేకపోయింది. జోడు తెచ్చుకుని చూశాక, ఆవగింజ గుండ్రంగా నున్నగా ఉందనీ, దీని ఒంటి మీద వలలాంటి గీతలు, ఒక చివర చిన్న మొన ఉన్నాయనీ తానే పట్టుకుంది.

“దీన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావురా?” అంటూ పొట్లాన్ని పెరట్లో నీళ్లు కాగుతున్న పొయ్యిలో పడేసి, చాటలోని ఆవాలను మళ్లీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.