మా పాప వాళ్ల కోచ్

ఇవాళ పొద్దున పాప ఫ్లాగ్ ఫుట్‌బాల్ మ్యాచ్, అమెరికన్ ఫుట్‌బాల్‌లోనే ఒక రకం. అక్టోబర్ వచ్చినా మా టెక్సస్ ఫ్రిస్కోలో ఎండ ఏమాత్రం తగ్గలేదు. మ్యాచ్ ఓడిపోయారు, కానీ ఇంటికొచ్చినప్పటి నుంచీ నేను వాళ్ల కోచ్ గురించే ఆలోచిస్తున్నా, మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలి.

ఆయన కాలేజీలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ఎవరికి వేయాలో చూసుకుని విసిరే ఆటగాడు. టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీ కాదు, డివిజన్ టూ, అంటే రెండో స్థాయి టీమ్. ఇప్పుడు సివిల్ ఇంజనీర్, ఇళ్ల పునాదుల పని. సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా గ్రౌండ్‌కి వచ్చి పైసా తీసుకోకుండా పిల్లలకి నేర్పిస్తారు. ఈ ఆటలో ఎవర్నీ పడగొట్టకూడదు, బంతి ఉన్నవాళ్ల నడుముకి వేలాడే ఫ్లాగ్ (గుడ్డ పట్టీ) లాగేస్తే చాలు, బంతి వేయడానికి క్వార్టర్‌బ్యాక్‌కి ఏడు సెకన్లే టైము. ఆ ఏడు సెకన్లూ నాకైతే బయట నిలబడే టెన్షన్.

రెండో హాఫ్‌లో పాప వేసిన బంతిని అవతలి టీమ్ అబ్బాయి మధ్యలోనే పట్టేసి తిన్నగా మా వైపు ఎండ్ జోన్‌లోకి (బంతితో చేరితే పాయింట్లు వచ్చే చోటు) పరిగెత్తేశాడు. పాప కళ్లల్లో నీళ్లు. కోచ్ అరుస్తారేమో అనుకున్నా, మన స్కూళ్లలో చూసింది అదే కదా. ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, ఎందుకలా వేశావని కాకుండా, "వేసే ముందు నీకు ఏం కనిపించింది?" అని అడిగారు. "కుడివైపు మనమ్మాయి ఖాళీగా ఉంది" అంది. "ఆ అమ్మాయి వెనకాల?" పాప చూడలేదు. అక్కడే గడ్డి మీద మూడు ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి, ఒకదాన్ని జరిపి, వెనకున్న అవతలి టీమ్‌వాడు ఎటు కదిలాడో ముందు చూడు, బంతి ఎటు వేయాలో అదే చెబుతుంది అని చూపించారు. వెంటనే మళ్లీ తననే క్వార్టర్‌బ్యాక్‌గా పంపారు. అది నాకు చాలా నచ్చింది.

మ్యాచ్ అయ్యాక కోన్‌లు ఏరుతూ ఆయన కాలేజీ రోజుల గురించి మాట్లాడుకున్నాం. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూలు ప్రకారం సీజన్‌లో ప్రాక్టీసు వారానికి 20 గంటలు దాటకూడదట, కానీ సొంతంగా కూర్చుని పాత మ్యాచ్‌ల వీడియోలు చూసే టైము అందులోకి రాదు. మధ్యాహ్నం ల్యాబ్, అదే టైముకి ప్రాక్టీసు, అందుకని ల్యాబులన్నీ సీజన్ లేని సెమిస్టర్‌కి తోసేసి, స్టాటిక్స్ (కదలని కట్టడాల మీద పడే బలాల) లెక్కలు టీమ్ బస్సులో చేసుకునేవారట. తర్వాత భుజానికి సర్జరీ అయి ఆట ఆగిపోయింది. ఎలాగూ కాలేజీ ఆటగాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ దాకా వెళ్లేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధేమీ వినిపించలేదు.

ఆయనకి బాగా ఇష్టమైన ఆటగాడు జాషువా డాబ్స్. టెన్నెసీ యూనివర్సిటీలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదువుతూనే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు, 2016లో జార్జియా యూనివర్సిటీ మీద ఆఖరి బంతికి దూరం నుంచి వేసిన పాస్‌తో మ్యాచ్ గెలిపించాడు. 2023లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ వైకింగ్స్‌లో చేరిన అయిదో రోజునే, టీమ్‌తో సరిగ్గా ప్రాక్టీసు కూడా లేకుండా, మ్యాచ్ మధ్యలో దిగి ఫాల్కన్స్ టీమ్ మీద 31-28తో గెలిపించాడు. ఈ కథ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

గ్రౌండ్ అంచున నేల బీటలు వారి ఉంటే బూటుతో చూపించి, ఇదే నాకు జీతం ఇస్తుంది అన్నారు. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే నల్లమట్టి, ఇక్కడ పునాదులు పగిలేది దీనివల్లే. అందుకే ఎండాకాలం ఇళ్ల చుట్టూ పైపులు పరిచి నేలను తడుపుతుంటారు. మా గుంటూరు వైపు నల్లరేగడి కూడా ఇంతే, నాన్న ఇల్లు కట్టేటప్పుడు పునాది లోతు గురించి మేస్త్రీతో రోజూ వాదించేవాడు, అది చెప్తే ఎంత లోతు తీశారు, అడుగున ఏం పోశారు అని కోచ్ ఒకటే ప్రశ్నలు. పాప కారు దగ్గర నిలబడి "నాన్నా, ఆకలి" అంటున్నా మాకు పట్టలేదు.

ఆటలు అన్నం పెడతాయా అని వింటూ పెరిగినవాణ్ణి. ఆటా చదువూ రెండూ ఒకే మనిషిలో ఇంత సాఫీగా కలిసిపోవడం దగ్గర్నుంచి చూస్తుంటే మా పాపకి ఈయన దొరకడం అదృష్టమే అనిపిస్తోంది.

బుధవారం ప్రాక్టీసుకి స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి ఒక పేరెంట్ కావాలన్నారు. వస్తానని చెప్పా. ఆ సాయంత్రం మీటింగ్ ఉంది, సోమవారమే మేనేజర్‌కి చెప్పి ముందుకి జరిపించుకోవాలి.