వస్తున్నం లింగమయ్యా, కాస్త మెల్లగా

మొక్కింది మా అమ్మ, ఇరుక్కున్నది నేను.

2024 సెప్టెంబర్‌లో మా చిన్నోడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 22 వేలకు పడిపోయిన రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని, దేవరకొండలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. అమ్మ అవతల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సలేశ్వరం లింగమయ్యకు మొక్కిన. పిల్లగాడు లేస్తే నా బిడ్డను నీ కాడికి తోలుకొస్తనని చెప్పిన" అంది. సలేశ్వరం అంటే నల్లమల అడవిలో, లోయ అడుగున గుహలో ఉన్న శివలింగం; ఏడాదికోసారి చైత్ర పౌర్ణమికి జాతర. ఆ పూట ఆమె ఏ దేవుడి పేరు చెప్పినా సరేననేదాన్ని. వారం తిరిగేసరికి ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. అందులో మందుల వాటా ఎంత, లింగమయ్య వాటా ఎంత అని నేను లెక్క తీయలేదు. మొక్కు మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

ఇబ్బంది ఏమిటంటే, ఎత్తు అంటే నాకు చచ్చేంత భయం. మిద్దె మీద బట్టలు ఆరేయడానికి పోయినా పిట్టగోడకు రెండు గజాల దూరంలో నిలబడతాను. సలేశ్వరం దారి గురించి మా ఇంటి చుట్టుపక్కల చెప్పనివాళ్ళు లేరు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ, మధ్యలో కాలిబాట. "తెలంగాణ అమర్‌నాథ్" అని ఊరికే అనరు కదా. "అమ్మా, దేవుడికి నన్నెందుకు మొక్కినవ్? నువ్వే వస్తనని మొక్కొచ్చు గదా" అంటే, "నేనైతే ఎట్లైనా పోతనే, అది మొక్కెట్లయితది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

2025లో జాతరకు మూడు రోజులే ఇచ్చారు. పౌర్ణమి ఏప్రిల్ 12, శనివారం పడింది. చిన్నోడిని వాళ్ళ నాన్న దగ్గర వదిలి నేను, అమ్మ, తమ్ముడు రాత్రి రెండింటికే కారులో బయలుదేరాం. డిండి, అచ్చంపేట, మన్ననూరు ఎప్పుడు దాటామో నాకు తెలియదు, నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఫర్హాబాద్ గేటు ముందు బండ్ల వరుసలో ఉన్నాం. ముందు ఎన్ని ఉన్నాయో కనపడలేదు, వెనక ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక లేదు. ప్లాస్టిక్ బాటిళ్ళు లోపలికి పోనివ్వడం లేదు. మంచిదే. పులులు తిరిగే అడవి అది. మనం మూడు రోజులు పోయి మూడేళ్ళ చెత్త వేసి వస్తున్నాం. కానీ ఒక్కో బండి ఆపి, ఒక్కో సంచి విప్పించి చూస్తుంటే ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. తమ్ముడు స్టీల్ చెంబు తెచ్చాడు కాబట్టి మాకు ఆ గొడవ తప్పింది.

లోపల మట్టి రోడ్డు. ముందు పోయే బస్సు లేపిన దుమ్ము మా పళ్ళ మధ్యకు వచ్చింది. అడవి ఆకు రాల్చి ఎర్రగా ఎండిపోయి ఉంది. అక్కడక్కడ ఇప్ప చెట్లు కనిపిస్తే అమ్మ దండం పెట్టింది. రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దగ్గర బండి దిగి నడక మొదలుపెట్టేసరికి పది దాటింది. అక్కడే తప్పు జరిగింది. ఏడింటికి నడవాల్సిన దారిని పదింటికి మొదలుపెట్టాం.

మొదట బాగానే ఉంది. వెదురు పొదల మధ్య నీడ, రాళ్ళు, వేర్లు. దిగేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అంటున్నారు, ఎక్కేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అంటున్నారు. ఎక్కేవాళ్ళ గొంతులో దమ్ము లేదు, అయినా అంటున్నారు. దారి పక్కన ఎవరో పుణ్యాత్ములు మజ్జిగ పోస్తున్నారు. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. చెప్పులు చేతిలో పట్టుకుని నాకంటే ముందు నడుస్తోంది. పెళ్ళైన కొత్తలో లింగాల వైపు నుంచి రాత్రంతా కాలినడకన వచ్చిందట. "అప్పుడు బస్సులేడివి? మూటల సద్దన్నం కట్టుకొని వచ్చినం" అని పక్కన ఎవరు కనపడితే వాళ్ళకు చెబుతోంది.

తర్వాత మలుపు తిరిగాం. చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి. ఎడమ చేతికి నిలువు బండ. కుడి చేతికి ఏమీ లేదు. ఏమీ లేదు అంటే నిజంగానే ఏమీ లేదు, కింద ఎక్కడో చెట్ల కొసలు. వాటి మధ్యలో బాట. దిగేవాళ్ళు ఒక వరుస, ఎక్కేవాళ్ళు ఒక వరుస, ఇద్దరూ ఒరుసుకుని పోతున్నారు. ఒకాయన భుజాన పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీసుకుంటూ వచ్చాడు. దేవుడా, ఈ ఫోన్లు ఎవరు కనిపెట్టారో! నాకు మోకాళ్ళలో నీళ్ళు దిగిపోయాయి. రెండు అడుగులు వేసి, మూడో అడుగు ముందుకు వేయకుండా వెనక్కి వేశాను. వెనక నుంచి ఒక పిల్లవాడు "ఆంటీ నడువుండ్రి, మీరు ఆగితే అందరం పడతం" అని అరిచాడు. ఆ మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది.

పక్కకు వచ్చి ఒక రాయి మీద కూర్చున్నాను. తమ్ముడు బతిమాలాడు. "అక్కా, నా చెయ్యి పట్టుకో, ఏం గాదు. గింత చిన్న పిల్లలే పోతున్నరు." నాకు కోపం వచ్చింది. చిన్న పిల్లలకు భయం తెలియదు కాబట్టి పోతారు, నాకు తెలుసు కాబట్టి పోను. అమ్మ బతిమాలలేదు. "నువ్వు ఈడ్నే కూసో. నేను పోయి లింగమయ్యకు చెప్పొస్త, నా బిడ్డకు కండ్లు తిరిగినయని" అని తమ్ముణ్ని తీసుకుని దిగిపోయింది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, నిజంగా నా మీద జాలి ఎంతో ఇప్పటికీ తేలలేదు.

నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. బాట ఎంత వెడల్పు? ఎదురుగా మనిషి వస్తే ఎక్కడ నిలబడాలి? సగం దూరం పోయాక కాళ్ళు రాకపోతే? అదే అసలు భయం. అక్కడ మధ్యలో ఆగడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. ఇప్పుడే వద్దనుకుంటే ఇక్కడే వద్దనుకోవాలి. ఇంటికి పోయి చిన్నోడి ముఖం చూస్తే ఏమనిపిస్తుందో కూడా లెక్కలో వేశాను. అది ఏ వైపు వేయాలో తెలియలేదు.

నా పక్కన చెట్టు కింద ఒక చెంచు పెద్దాయన వెదురు కర్రలు పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి నుంచి నన్ను చూస్తున్నాడు. "దిగుతవా?" అన్నాడు.

"భయమైతుంది తాతా."

"అయితే దిగకు. దిగకున్నా ఏం గాదు బిడ్డా. ఈడికెల్లి మొక్కినా లింగమయ్యకు ఇనొస్తది. మస్తుమంది ఈడికొచ్చి తిరిగి పోయిండ్రు."

పొద్దుటి నుంచి, కాదు, ఆరు నెలల నుంచి నాకు ఆ మాట చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ ఏం గాదు దిగు అన్నవాళ్ళే. ఏం గాదు, దిగకు అన్నది ఆయన ఒక్కడే. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ ఇంటి అల్లుడిగా చూసుకుంటారు కదా. ఇంటి అల్లుడి గురించి చెప్పినట్టే చెప్పాడు, వాడేమనుకోడులే అన్నట్టు. నాకు గుండెల మీంచి ఏదో దించినట్టయింది. చెంబులో నీళ్ళు తాగాను. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. లోయ వైపు దండం పెట్టుకుని లేచి వెనక్కి పోదామనే అనుకున్నాను కూడా.

అప్పుడు చూశాను, బాట మీద మనుషులు లేరు.

"బస్సు మంది గుంపుగొస్తరు, గుంపుగ పోతరు" అన్నాడు తాత. "నడుమ గింతసేపు ఖాళీ ఉంటది. గిప్పుడైతే నువ్వు బండను పట్టుకొని నడిస్తే ఒక్కనిమిషం పని."

మనుషులు లేని బాటను అప్పుడే మొదటిసారి చూడడం. మా వంటింటి పక్క సందు ఎంత ఉంటుందో అంత ఉంది. ఆ సందులో నేను గ్యాస్ సిలిండర్ ఎత్తుకుని నడుస్తాను. పొద్దుటి నుంచి నేను లోయకు భయపడుతున్నానని అనుకున్నాను గానీ, నిజానికి నేను భయపడ్డది నన్ను లోయలోకి తోసే మోచేతులకు. సలేశ్వరం దారి భయమా అని ఎవరైనా నన్ను అడిగితే ఏ టైముకు పోతున్నారని ముందు అడుగుతాను. తెల్లారగట్ల అయితే ఒక దారి, పౌర్ణమి మధ్యాహ్నమైతే ఇంకో దారి.

కర్ర తీసుకున్నాను. 20 రూపాయలు అడిగాడు, ఇచ్చాను. డబ్బులు నడుముకు దోపుకుని, ఏమీ చెప్పకుండా నా ముందు నడవడం మొదలుపెట్టాడు. "లోయ దిక్కు సూడకు. నా మడిమెలు సూడు. ఎవరన్న ఎదురొస్తే బండకు ఆనుకొని నిలవడు, వాళ్ళు పోయినంకనే కదులు." అంతే చెప్పాడు. ఆయన మడమలు పగిలి, ఎండిన చెరువు మట్టిలా ఉన్నాయి. ఒక్కో అడుగు రాయి మీద అతికించినట్టు వేస్తున్నాడు. ఎడమ చేత్తో బండను పట్టుకున్నాను, ఎండకు కాలి వేడిగా ఉంది. మధ్యలో నలుగురు ఎదురొచ్చారు. బండకు వీపు ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఒకావిడ పోతూ పోతూ నా చెయ్యి నొక్కి పోయింది. "వస్తున్నం లింగమయ్యా" అందామని నోరు తెరిస్తే గొంతు రాలేదు, లోపలే అనుకున్నాను.

బాట చెట్లలోకి దిగాక తాత ఆగాడు. "ఇంగ పో" అన్నాడు. నేను సంచిలోంచి ఇంకో వంద తీసేలోపే తిరిగి నడిచిపోయాడు, అదే బాట మీద, కూరగాయలకు పోయినట్టు.

మిగతా దిగుడు నిటారుగానే ఉంది కానీ అది కాళ్ళ కష్టం. కాళ్ళ కష్టానికి నాకు భయం లేదు. చివరికి రెండు కొండల మధ్య ఇరుకైన చోట గాలి చల్లబడింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. పైన ఎక్కడి నుంచో సన్నటి ధార గుండంలోకి పడుతోంది. అంత ఎండాకాలంలో, అంత ఎండిన అడవి తర్వాత, ఆ నీళ్ళు ఎక్కడివి? కాలు పెడితే ఒళ్ళు జివ్వుమంది.

గుండం పక్కన రాయి మీద తడి చీరతో అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. "గింత సేపా? కొబ్బరికాయలు నీ సంచిలనే ఉన్నయి. ఎట్ల మొక్కుదునే నేను?" అంది. సంచి చూసుకున్నాను. ఐదు కాయలూ నా భుజానే ఉన్నాయి. అవి మోస్తున్నందుకే భుజం లాగుతోందని నాకు అప్పటిదాకా తట్టలేదు. నేను రానని అమ్మ ఒక్క క్షణమైనా నమ్మిందో లేదో!

గుహ దగ్గర మళ్ళీ తోపులాట. తడి బట్టలు, జారే రాళ్ళు, ఒకరి మీద ఒకరు. ఒక్కో గుంపును ఆపి పంపే ఏర్పాటు అక్కడ ఇంకొంచెం గట్టిగా ఉంటే బాగుండేది. ముసలివాళ్ళు, పిల్లలు నలిగిపోతున్నారు. మా ముందు ఒకాయన వరుస దాటి వచ్చినందుకు ఇద్దరు తిట్టుకుంటున్నారు, మధ్య మధ్యలో ఇద్దరూ లింగమయ్య పేరు తలుచుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్లో దిగింది, నవ్వు పోయింది.

లోపల చీకటి. దీపాల పొగ, తడి రాతి వాసన. చెంచు పూజారి ఎవరినీ ఎక్కువసేపు నిలబడనివ్వడం లేదు. నేను ఏదేదో చెప్పుకోవాలనుకున్నాను, ఆస్పత్రి, వరండా, ఆ రాత్రి, అన్నీ. తల వంచేసరికి విభూతి రాసిన లింగం, దాని మీద దీపం వెలుగు ఒక్కసారి ఊగింది. అంతే కనిపించింది. ఆ ఒక్క ఊపులో నేను చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయి, "వచ్చిన" అన్నాను. ఎవరో వెనక నుంచి జరిపారు. బయటికి వచ్చాక చూసుకుంటే చేతిలో విభూతి ఉంది. ఎప్పుడు పెట్టారో తెలియదు. ఏడుపు మాత్రం అప్పుడొచ్చింది. అమ్మ చూసి కూడా చూడనట్టు తల తుడుచుకుంది.

ఎక్కేటప్పుడు ఊపిరి ఆడక పదిసార్లు కూర్చున్నాం. "పోయొస్తం లింగమయ్యా" అని ఈసారి గట్టిగానే అన్నాను. ఆ ఇరుకు బాట దగ్గర మంది లేనిదాకా ఆగుదామంటే తమ్ముడు సరేనన్నాడు. ముప్పావు గంట ఆగాం. తాత కనపడలేదు. చెట్టు కింద వేరే ఎవరో కర్రలు అమ్ముతున్నారు. అడిగితే "ఏ తాత?" అన్నారు. ఆ కర్ర ఇప్పుడు మా ఇంట్లో తలుపు మూలన ఉంది. పిక్కల నొప్పులు ఐదు రోజులైనా తగ్గలేదు, అన్నాళ్ళూ దాన్ని పట్టుకునే మెట్లు దిగాను.

దిగేటప్పుడు నా కోసం ఎదురుచూస్తూ తమ్ముడు కింద మలుపు నుంచి ఒక ఫొటో తీశాడట. నేను తాత వెనక బండను కరుచుకుని నడుస్తున్న ఫొటో. చిన్నోడు దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"అమ్మా, గింతేనా? మన స్కూల్ గోడ పక్క దారి కంటే పెద్దగనే ఉంది గదా."

నేను ఏదో చెప్పబోయాను. అమ్మ పక్కనుంచి ఫోన్ లాక్కుంది. "ఫొటోల లోయ పడలేదురా, మీ మామకు తియ్యరాలే" అంది.