కైకలూరు నుంచి హౌరాకు చేపల లారీలో

కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో చేపల పట్టుబడి చీకటుండగానే మొదలవుతుంది. ముందురోజే మేత ఆపేస్తారు, కడుపు నిండా మేతున్న చేప దారిలో పొట్ట దగ్గరే ముందు చెడుతుంది. నేనెక్కిన లారీలో సరుకు శీలావతి, బొచ్చె. ఐసు దిమ్మలను మిషన్లో నలగ్గొట్టి ట్రే అడుగున ఒక వరస, దానిపై చేప, మళ్లీ ఐసు. ఎండాకాలమైతే కిలో చేపకు కిలో ఐసు. ముక్కలు పెద్దవైతే పొలుసు గీసుకుపోతుంది, సందులు మిగిలి చల్లదనమూ అందదు. ట్రే అంచు దాటి నింపితే పై ట్రే బరువంతా చేప మీదే. ట్రే కన్నాలు మూసుకుపోతే అడుగు వరస కరిగిన నీళ్లలోనే నానుతుంది. సంతలో ధర పడిపోయేది ఆ ట్రేలకే.

హౌరా ఇక్కడికి సుమారు 1,200 కి.మీ. మధ్యాహ్నం కదిలిన లారీ మర్నాడు అర్ధరాత్రికి అటూఇటూగా చేరుతుంది, తెల్లవారకముందే వేలం పాట. ఒకసారి వేసిన ఐసు ఆ దూరానికి సరిపోతుంది. గౌహతికైతే ఇంకో వెయ్యి కిలోమీటర్లు, మధ్యలో మళ్లీ ఐసు వేయక తప్పదు. చెరువులు చాలా జిల్లాల్లో ఉన్నాయి. గట్టు దిగిన కాసేపటికే, చేప తినే ఊరికి నేరుగా పోయే 16వ నంబరు హైవే దొరకడమే కొల్లేరు అదృష్టమని నా లెక్క.

ఆ కాసేపటి దారితోనే పేచీ. ఏలూరు రోడ్డు కొల్లేరు మధ్యలోంచి పోతుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే మునుగుతుంది. అప్పుడు ఆకివీడు, భీమవరం మీదుగా తాడేపల్లిగూడెం తిరగాలి.

హైవే ఎక్కాక గుండుగొలను దగ్గర తణుకు వైపు పోకుండా దేవరపల్లి దారి పట్టి, కొవ్వూరు దగ్గర నాలుగో వంతెన మీద గోదావరి దాటాం. అనకాపల్లి–ఆనందపురం బైపాస్ పుణ్యమా అని విశాఖ ఊళ్లోకి వెళ్లే పనే లేదు. ఇచ్ఛాపురం దాటాక భువనేశ్వర్, కటక్‌ల మధ్య మాత్రం పగటిపూట చిక్కుకుంటే గంటలు పోతాయి.

ఆగిన ప్రతిచోటా డ్రైవరు టీ కన్నా ముందు లారీ వెనక్కి వెళ్లి కిందికి చూస్తాడు. చల్లటి నీళ్లు చుక్కలుగా కారుతుంటే లోపల ఐసుంది. కారడం ఆగితే కంగారే, టార్పాలిన్ విప్పించి చూడాల్సిందే.

హౌరాలో కొనేవాడు మొప్ప ఎత్తి ఎరుపు చూశాకే పాట పెంచుతాడు. ఖాళీ ట్రేలు కడిగి మళ్లీ లారీలోకే ఎక్కిస్తారు. తిరుగు లోడు వాటికి పోను మిగిలిన జాగాకే మాట్లాడుకోవాలి.